వంత అందని చరణం

"ఈ పూట కథతో సరి. డక్కీ మీ పాదాల దగ్గర పెట్టి మా ఊరెళ్ళిపోతాను గురువుగారూ."

పొద్దుటినుంచి సాంబలింగం ఆ మాట అనడం అది నాలుగోసారి. జంగం కథలు చెప్పే చెన్నబసవయ్యకి విసుగెత్తిపోయింది.

"ఏమొచ్చిందిరా నీకు?"

"నిన్న పంచాయితీలో మీరూ విన్నారుగా! మునసబు ఏమన్నా కరణం అవునవునంటున్నాడని, 'కరణం బాగా వంత పాడుతున్నాడు' అన్నారు. అని, అందరూ నావైపు చూసి నవ్వారు. మన విద్య తిట్టెలా అయింది స్వామీ?"

పాపం, వాడి బాధా నిజమేనండీ. కథకుడు చరణం పాడతాడు. పక్కన డక్కీ వాయించేవాడు "తందాన తాన" అని అందుకుంటాడు. దాని పేరే వంత. పదేళ్ళుగా సాంబలింగం చేస్తున్నది అదే.

"సాయంత్రం చెబుతాలే, ముందు నడు!" అని కసిరాడు గురువు.

సాయంత్రం జనం చేరారు. పాలకడలి చిలికే కథ. సాంబలింగం మొహం మాడ్చుకుని, ఎటో చూస్తూ నిలబడ్డాడు.

"విషము పుట్టెను, లోకము మండెను, ఇంద్రుడు వచ్చి గటగట తాగెను!"

"తందాన తాన!"

ముందు వరుసలో ఒక ముసలమ్మ లేచింది. "ఏందయ్యా, విషం తాగింది ఇంద్రుడా? మరి మా శివయ్య ఏం చేస్తున్నాడు, గుర్రుపెట్టి నిద్రపోతున్నాడా?"

"నన్నంటావేం తల్లీ? మావాడు ఒప్పుకున్నాడుగా!"

జనం విరగబడి నవ్వారు. సాంబలింగానికి తల కొట్టేసినట్టయింది. గురువు వాడివైపు వంగి, పళ్ళు బిగించి అన్నాడు:

"తిట్టు ఎక్కడ పుట్టిందో తెలిసిందా?"

మళ్ళీ చరణం ఎత్తాడు. ఈసారి సాక్షాత్తూ ఆ పరమేశ్వరుడే వచ్చాడు, లోకం కోసం విషం పుచ్చుకున్నాడు. డక్కీ చక్కగా పలుకుతోంది. ముసలమ్మ చేతులు జోడించింది.

"కాలకూటము గొంతున నిలిచెను, కంఠమంతయూ పచ్చగ మారెను!"

డక్కీ మోగలేదు.

గురువు కళ్ళెర్రజేసి, గొంతు పెంచి, అదే చరణం మళ్ళీ పాడాడు. సాంబలింగం పెదవులు బిగించి, డక్కీ మీద చెయ్యి కదపకుండా, గురువు కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

చెన్నబసవయ్య భుజాన ఉన్న తంబురా దించాడు.

"ఇప్పుడు పాడావురా వంత," అన్నాడు.