పైడమ్మ దాలి

దగ్గరికి జరుగు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. కథ వినాలంటే ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథకి కోపమొచ్చి మధ్యలోనే వెళ్ళిపోతుంది. ఆ, అలాగ.

అనగనగా, కొండ కింద ఒక ఊళ్ళో పైడమ్మ అని ఒకావిడ ఉండేది. ఊరంటే ఎంత ఊరు? ఈ చివర పిలిస్తే ఆ చివర పలికేటంత. అన్నీ తాటాకిళ్ళే. గోడలు మట్టివి. చాపలు వాళ్ళు అల్లుకున్నవే, చీపుళ్ళు వాళ్ళు కట్టుకున్నవే. కొనుక్కునేది ఉప్పొక్కటే అనుకో.

మరి బొమ్మలో అంటావా? బొమ్మలూ తాటాకుతోనే చేసుకునేవాళ్ళం. అదే, చేసుకునేవాళ్ళు. చూశావా, నీ ప్రశ్నలతో నన్ను కూడా ఆ ఊళ్ళోకి లాగేస్తున్నావు! ఊ కొట్టు ముందు.

తాటాకిళ్ళ వాళ్ళకి నిప్పంటే మహా భయం. ఒక్క రవ్వ ఎగిరిందంటే ఊరు ఊరంతా బూడిదే. అందుకని చీకటి పడేసరికి అందరూ పొయ్యిలు ఆర్పేసేవారు. ఒక్క పైడమ్మ పెరట్లో మాత్రం, మట్టిగోడ చాటున, దాలి ఉండేది. దాలి అంటే గుంట. అందులో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన బూడిద కప్పేస్తారు. ఇంక అది మండదు, ఆరదు. లోపల ఎర్రగా అలా ఉంటుంది. దాని మీద పాలకుండ పెడితే సాయంత్రానికి మీగడ అట్టులా కట్టేది. అబ్బ, ఏం పాలే అవి! మీ ప్యాకెట్టు పాలకి ఏడు జన్మలెత్తినా ఆ రుచి రాదు.

ఆ నిప్పు పైడమ్మకి వాళ్ళ అత్తగారు అప్పజెప్పింది. ఆవిడకి వాళ్ళ అత్తగారు. "ఏది పోయినా పోనీ, దాలి మాత్రం ఆరనివ్వకే" అని చెప్పి మరీ కన్నుమూసింది ఆ ముసలావిడ.

తెల్లవారగానే ఊళ్ళో ఆడవాళ్ళందరూ పైడమ్మ పెరట్లోకి వచ్చేవారు. ఒక్కొక్కరి చేతిలో రెండేసి పిడకలు. అది ఆ ఊరి కట్టుబాటు. ఒకటి దాలిలో వెయ్యాలి, రెండోది అంటించుకుని పట్టుకెళ్ళాలి. అలాగైతే ఒకరు ఇచ్చినట్టూ కాదు, ఒకరు పుచ్చుకున్నట్టూ కాదు.

పిడక అంటుకోవడమంటే స్విచ్చి నొక్కడమనుకున్నావా? దానికి బోలెడు సేపు పడుతుంది. అప్పుడేం చేస్తారు? కూర్చుంటారు. ఆడవాళ్ళు కూర్చుంటే నోరు ఊరుకుంటుందా? ఎవరి గేదె ఈనిందో, ఎవరి పిల్లకి జ్వరమో, ఎవరి మొగుడు అలిగి అన్నం మానేశాడో, అన్నీ అక్కడే తేలిపోయేవి. ఊళ్ళోకి కొత్తకోడలు వస్తే అత్తగారు ముందు అక్కడికే తీసుకొచ్చేది. "ఇది మా పిల్ల. మీ పిల్లే అనుకోండమ్మా" అనేది. పైడమ్మకి పిల్లల్లేరు, మొగుడు పోయాడు. అయినా తెల్లారిందంటే ఆవిడ పెరడు పెళ్ళివారి విడిదిలా ఉండేది.

ఆ తర్వాత ఊళ్ళోకి అగ్గిపెట్టెలు వచ్చాయి. సంతకెళ్ళిన సూరీడమ్మ మొదట తెచ్చింది. పుల్ల తీసి గీసేసరికి భగ్గుమంది. అందరూ నోరెళ్ళబెట్టారు. పైడమ్మ అయితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పిచ్చిది, ఏం తెలుసు దానికి!

మర్నాడు సూరీడమ్మ నిప్పుకి రాలేదు. ఆ తర్వాత గవరమ్మ రాలేదు. ఆ తర్వాత ఒక్కొక్కరే మానేసి, మానేసి, ఒకనాడు ఎవ్వరూ రాలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళని కాదే తల్లీ. ఇంట్లో పుల్ల ఉండగా వానలో తడుస్తూ పిడక పట్టుకుని ఎవరొస్తారు చెప్పు? నేనైనా వెళ్ళను. అదే నాకు బాధ. పోనీ తిట్టిపోద్దామంటే తప్పు చేసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పైడమ్మ మాత్రం రోజూ లేచి పెరడు ఊడ్చి, కళ్ళాపి జల్లి, పీటలు వేసి కూర్చునేది. కళ్ళు మూసుకునేది. గాజులు గలగలమన్నట్టుండేది. "ఒసే పైడీ, కాస్త ఊదవే, కళ్ళు మండిపోతున్నాయి" అని ఎవరో అన్నట్టుండేది. నవ్వుకుంటూ కళ్ళు తెరిచేది. చూస్తే పీటల మీద కోడిపిల్లలు. ఉసూరుమని లేచి వాటికి నూకలు జల్లేది.

అలా ఎన్నాళ్ళని ఉంటుంది? ఒకరోజు దాలిలో పచ్చాకు వేసి గుప్పున పొగ పెట్టింది, ఏమైందోనని ఎవరైనా పరిగెత్తుకొస్తారేమోనని. దోమలకి పొగేసుకుంటోంది కాబోలు అనుకున్నారు అందరూ. ఇంకోరోజు చిలకడదుంపలు కాల్చింది. వాసనకి పిల్లలొచ్చారు, ఊదుకుంటూ తిన్నారు, మూతులు తుడుచుకుని పోయారు. ఆ తర్వాత రోజు ఏమీ చెయ్యలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. కూర్చుని, కూర్చుని, తనలో తనే మాట్లాడుకుంది.

"ఇన్నాళ్ళూ అందరూ నా గడప తొక్కారు. నేనెప్పుడైనా ఒకరి గడప తొక్కానా? నిప్పున్నదాన్ని కదా, నాకేం పని! ఈ నిప్పు ఉన్నంతకాలం నేను ఈ పెరడు వదిలి కదలను. నేను కదలను, వాళ్ళు రారు. ఇంక నా మొహం చూసేదెవరు?"

అప్పుడు లేచి కుండెడు నీళ్ళు తెచ్చింది. "అత్తా, కోప్పడకు" అంది. దాలిలో కుమ్మరించేసింది.

అయ్యో అంటావా? మా అమ్మమ్మ ఈ కథ చెప్పినప్పుడు నేనూ ఇలాగే అయ్యో అన్నాను. లేచి కూర్చున్నాను కూడా. నువ్వు పడుకో.

ఆ తర్వాత పైడమ్మ రెండు పిడకలు తీసుకుని వీధిలోకి వచ్చింది. తొందరలో ఒక సంగతి మర్చిపోయింది. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం ఎవరూ ఇంట్లో నిప్పు బయటికివ్వరు, దాని వెంటే లక్ష్మీదేవి వెళ్ళిపోతుందని. పైడమ్మకి ఎలా గుర్తుంటుంది? ఆవిడ దాలికి వారాల పట్టింపు ఎప్పుడూ లేదాయె.

ముందు సూరీడమ్మ ఇంటికెళ్ళింది. "శుక్రవారం పూట నిప్పు అడుగుతావేంటి వదినా? తెలిసినదానివి!" అంది సూరీడమ్మ. నొచ్చుకుంటూనే తలుపు దగ్గరకి వేసేసింది.

అప్పుడు గవరమ్మ ఇంటికెళ్ళింది. "నిప్పెందుకక్కా, ఇదిగో" అని గవరమ్మ ఏకంగా ఓ అగ్గిపెట్టే చేతిలో పెట్టి, కూర మాడుతోందని లోపలికి పరిగెత్తింది. మరి అగ్గిపెట్టెకి శుక్రవారం లేదు కాబోలు! పైడమ్మ దాన్ని అరుగు మీదే పెట్టేసింది. అది పుచ్చుకుంటే ఇంక ఇంటికెళ్ళిపోవాలి కదా.

ఆ తర్వాత చివరి ఇంటికెళ్ళింది. ఆ ఇంట్లో పార్వతాలని కొత్తకోడలు ఉంది. అత్తగారు చేలోకి వెళితే ఒక్కతే బియ్యం ఏరుకుంటోంది. "నిప్పు కావాలమ్మా" అంది పైడమ్మ. ఆ పిల్ల భయంభయంగా, "ఇవాళ శుక్రవారం కదండీ, ఇస్తే మా అత్త ఊరుకోదు" అంది.

ఇంక పైడమ్మ వల్ల కాలేదు. అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చేసింది. "మా అత్త నా చేతుల్లో పెట్టిన నిప్పుని నేనే చంపేశానే! ఒక్కరైనా నా పక్కన కాసేపు కూర్చుంటారని చంపేశానే!" అంది.

పార్వతాలు చేట పక్కన పెట్టేసింది. వచ్చి పక్కనే కూర్చుంది. దాని కళ్ళల్లోనూ నీళ్ళే. "నేను ఈ ఊరొచ్చి ఇన్నాళ్ళైంది పెద్దత్తా, నా పేరేంటని అడిగినవాళ్ళు లేరు" అంది.

"నీ పేరేంటే తల్లీ?" అంది పైడమ్మ. "పార్వతాలు" అంది ఆ పిల్ల.

అప్పుడు పైడమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ పిల్లని లోపలికి తీసుకెళ్ళి, ఒక పిడక దాని పొయ్యిలో పెట్టింది. "ఇది నీకు, రెండోది నాకు. నువ్వు ఇచ్చినట్టూ కాదు, నేను పుచ్చుకున్నట్టూ కాదు. లక్ష్మమ్మ ఎక్కడికీ పోదు, నా పూచీ" అంది. ఆ మాటకి పార్వతాలు ఫక్కున నవ్వింది.

ఆ తర్వాత ఇద్దరూ పొయ్యి ముందు చతికిలబడ్డారు. పార్వతాలు వాళ్ళమ్మ ఎలా చాపలు అల్లుతుందో చెప్పింది. వాళ్ళ తమ్ముడు ఎంత అల్లరివాడో చెప్పింది. పుట్టింటి వాకిట్లో ఉండే నందివర్ధనం సంగతి కూడా చెప్పింది. పిడక ఎప్పుడో అంటుకుంది. ఇద్దరూ చూశారు. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు. చివరికి చెయ్యి చుర్రుమనేదాకా వచ్చాక పైడమ్మ లేచింది.

దాలిలో మళ్ళీ నిప్పు పడింది. కానీ అది అత్తగారి నిప్పు కాదే తల్లీ. అది పోయింది. పోయిన నిప్పు, ఆ పాత పొద్దుటిపూటలు, మళ్ళీ రమ్మంటే వస్తాయా? నాకూ ఆ పొగ వాసన ఒక్కసారి పీల్చాలని ఎంత ఉంటుందో.

మర్నాడు పొద్దున్న పైడమ్మ పీటలు వేస్తుంటే వెనకనుంచి ఎవరో పిలిచారు. చూస్తే పార్వతాలు. చేతిలో రెండు పిడకలు. "పెద్దత్తా, మా పొయ్యి ఆరిపోయింది. నిప్పుంటే అంటించుకుంటాను" అంది.

దాని నడుం దగ్గర చీరలో అగ్గిపెట్టె దోపుకుని ఉంది. పైడమ్మ దాన్ని చూసింది. చూసి, పీట కాస్త తన దగ్గరికి జరిపింది. ఎండి గలగలమంటున్న పిడకని చేతిలోకి తీసుకుంది.

"పచ్చిగా ఉందే పిల్లా. అంటుకోవడానికి చాలాసేపు పడుతుంది" అంది.

"పట్టనీ అత్తా" అని కూర్చుంది పార్వతాలు.

కథేమో కంచికి, కునుకేమో కంటికి;
నిప్పేమో దాలికి, నువ్వేమో నా ఒడికి.