బండికి ఉగ్గు పెట్టిన సన్నెమ్మ

అనగనగా, గాలిమెట్ట కొండ ఇప్పటికంటే రెండు తాటిచెట్లంత పొడుగున్న రోజుల్లో, కొండ మీద ఒక ఊరు, కొండ కింద ఒక బావి, మధ్యలో ఒక ముసలి డీజిలు బండి. ఈ కథని ఇంత బాగా చెప్పేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. అందుకని ఆవలింతలాపి వినండి.

ఆ ఊళ్ళో సన్నెమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ బొడ్లో ఎప్పుడూ ఒక ఉగ్గుగిన్నె. పాలు లాగలేని పసిగుంటలుంటారే, వాళ్ళని ఒళ్ళో పడుకోబెట్టుకుని, గిన్నె పైకెత్తి, చుక్క చుక్క పోసేది. "తాగమ్మా, తాగు. నిదానంగా తాగు" అనేది. ఊళ్ళో మీసాలు దువ్వే మగాళ్ళంతా ఆ గిన్నెతో తాగి బతికినోళ్ళే. ఆవిడకంటూ పిల్లల్లేరు. ఊరుంది, అంతే.

ఒక ఏడు ఎండలు కాశాయి. ఎలాంటి ఎండలనుకున్నారు? కాకి నీడ నేలకి అంటుకుపోయేది. కాకేమో నీడ లేకుండానే ఎగిరిపోయేది. కొండ మీద ఊట ఎండిపోయింది. కింద బావి నుంచి గవిరయ్య తన బండిలో పీపాలతో నీళ్ళు తెచ్చేవాడు. ఆ నీళ్ళే ఊరికి దిక్కు.

అలాంటిది, మూడో మలుపు దగ్గర బండి దగ్గింది, తుమ్మింది, పడుకుంది.

మొదటిరోజు గవిరయ్య తిట్టాడు. బండి కదల్లేదు. వెనక్కి దొర్లించుకుంటూ దిగిపోయాడు. రెండోరోజు నిమ్మకాయలు కట్టి బతిమాలాడు. బండి కదల్లేదు. మళ్ళీ దిగిపోయాడు. మీద ఊళ్ళో కుండలు అడుగంటాయి. "రేపూ నీళ్ళు రాకపోతే మూటలు కట్టుకుని దిగిపోదాం" అన్నారు జనం. సన్నెమ్మ లెక్కేసుకుంది. ఒకసారి దిగిపోతే వీళ్ళు మళ్ళీ ఎక్కుతారా? ఎక్కరు. ఇక ఊరనేది ఉండదు.

మూడోరోజు పొద్దున్నే ఆవిడ మలుపు దాకా నడిచొచ్చింది. గాలి నిండా బూరుగు దూది. రాలదు, ఎగరదు, ఊరికే తేలతా ఉంది. ఆ దూది మధ్యలో బండి నిద్రపోతున్నట్టుంది. గవిరయ్య పక్కనే కూచుని బీడీ నములుతున్నాడు. వెలిగించడం కూడా మర్చిపోయాడు.

"ఏట్రా గవిరీ, ఏటైంది దీనికి?"

"ఏటో అత్తా! టాంకు నిండా డీజిలుంది. చదును మీద గుర్రంలా ఉరుకుతాది. ఎత్తొస్తే చచ్చిపోతాది."

"టాంకెక్కడుంది?"

"వెనకాల, కింద."

"తాగే నోరో?"

"ముందర, పైన. మధ్యలో పంపు లాగాలి. ముసల్దైపోయింది, ఎత్తులో లాగలేకపోతంది. గాలి మింగుతంది. కొత్తది ఎక్కడా దొరకట్లేదు."

సన్నెమ్మ బానెట్టు మీద చెయ్యేసి నిమిరింది. "అయితే ఇది మొండికెయ్యలేదురా. లాగే బలం లేదు. దీనికి ఉగ్గు పెట్టాలి."

గవిరయ్య పడీపడీ నవ్వాడు. "బండిని ఒళ్ళో పడుకోబెట్టుకుంటావేటి?"

"నా ఒళ్ళు చాలదు గానీ, నన్ను దాని నెత్తిన కూచోబెట్టు."

కొంగు చింపి, డీజిలు దాంట్లో వడగట్టింది. డబ్బా ఒళ్ళో పెట్టుకుని క్యాబిను పైకెక్కింది. డబ్బాలోంచి గొట్టం ఇంజనులోకి దించాడు గవిరయ్య. లోపలి గాలి పోవడానికి మర వదులు చేశాడు. బుడబుడమని గాలంతా బయటికొచ్చింది.

"తేనుపొచ్చింది! ఇంక తాగుద్ది" అంది పైనుంచి సన్నెమ్మ.

గవిరయ్య మర బిగించి తాళం తిప్పాడు. "తాగమ్మా, తాగు. నిదానంగా తాగు" అంది సన్నెమ్మ. బండి గుటకేసింది. కదిలింది. ఎక్కింది.

ఎలా ఎక్కిందనుకున్నారు! పీపాల్లో నీళ్ళు తొణకలేదు. పీపాల మీద పిట్టలొచ్చి కూచున్నాయి, దిగలేదు. కొండే కిందకి వంగి దారిచ్చిందంటారు. అందుకే ఇప్పుడా కొండ పొట్టి. మీద మూటలతో నిలబడ్డ జనానికి ముందు బండి కనపడలేదు. తెల్లటి దూదిలో తేలుతా ఒక ముసలావిడ కనపడింది, ఒళ్ళో డబ్బాతో. ఆ తర్వాత నీళ్ళ వాసనొచ్చింది. ఒక్కొక్కరే మూటలు దించారు.

ఆ ఏడంతా అంతే. పై ఏడూ అంతే. ఆ పైన చాలా ఏళ్ళు. సన్నెమ్మ పైన, గవిరయ్య కింద.

ఒక పొద్దున్న మూడో మలుపు దాటాక పైనుంచి మాట ఆగిపోయింది.

"అత్తా, నిద్దరోయావేటి?"

పలకలేదు. బండి మాత్రం ఆగలేదు. ఊరి ముందుకొచ్చాక గవిరయ్య దిగి చూశాడు. సన్నెమ్మ కళ్ళు మూసుకుని కూచునుంది. డబ్బా పైకెత్తి పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. డబ్బాలో వేలు పెట్టి చూశాడు. తడి లేదు. ఎప్పుడో అయిపోయింది. ఇంజను ఇంకా మెల్లగా, జోకొట్టినట్టు ఆడుతూనే ఉంది. ఆవిణ్ణి దించి నీడలో పడుకోబెట్టాకే, దానంతటది ఆగింది.

నమ్మరా? వెళ్ళి చూసుకోండి. ఆ మలుపుని ఇప్పటికీ ఉగ్గుమలుపనే అంటారు. ఎంత కొత్త బండైనా సరే, డ్రైవరు అక్కడాపి, ఇంజను పక్కనుండే చేతిపంపు మూడుసార్లు నొక్కి, "తాగమ్మా, తాగు" అనందే పైకెక్కడు.

ఇంక గాలిమెట్ట పిల్లల సంగతంటారా, జోలపాటలకి వాళ్ళు లొంగరు. పాలు తాగకుండా ఏడిస్తే, తల్లి ఉగ్గుగిన్నె పైకెత్తి, పెదాలతో ఇంజను చప్పుడు చేస్తుంది. డుర్రు డుర్రుమని.

బిడ్డ వెంటనే నోరు తెరుస్తుంది.