ఎస్తేరుకు సరిపడిన ఎత్తు

రండర్రా, చాప మీద ఇంకా చోటుంది, దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకి ఆనుకున్నవాళ్ళకి కథ సగమే వినబడుతుంది.

రేవుపాలెం చర్చి వీధిలో ఎస్తేరు అనే దర్జీ ఉండేది. మంచి పట్టుదల గలదే గానీ, ఎవరు పొట్టిదంటారోనన్న బెంగతో చేసే పనిని చెడగొట్టుకునేది. చర్చి పాటల బృందంలో ఆమె డబుల్ బాస్ వాయించేది. అది వయొలిన్‌కి పెద్దన్న లాంటి వాద్యం, మనిషి కంటే ఎత్తు. నిలబడి, ఒంటికి ఆనించుకుని, కమాను లాగి వాయించాలి. అడుగున ఒక ఇనుప ఊచ ఉంటుంది. మర వదులు చేసి ఊచను లోపలికి తోస్తే వాద్యం దిగుతుంది, బయటికి లాగితే లేస్తుంది.

అంతకుముందు దాన్ని శామ్యూలు వాయించేవాడు. గుమ్మం దగ్గర తల వంచుకుని లోపలికి వచ్చే మనిషి. అతను బదిలీ మీద వెళ్ళిపోయాక ఎస్తేరు ఆ ఊచను అతని ఎత్తు నుంచి కదపలేదు. ఎత్తు చెప్పులు వేసుకుని, అది చాలక మునివేళ్ళ మీద లేచి వాయించేది. కమాను పట్టిన భుజం చెవిదాకా లేచేది. ఇంటికెళ్ళి మెడకి కాపడం పెట్టుకునేది. నొప్పి పుడుతోందంటే సాధన బాగా సాగుతోందనుకునేది.

"కాస్త దించుకోమ్మా," అనేవారు బృందాన్ని నడిపే పరంజ్యోతి మాస్టారు.

"దించి, ఆ చెప్పులు కూడా విడిస్తే మనకి బాస్ ఒక్కటే కనబడుతుంది మాస్టారూ," అన్నాడు ఒకసారి వయొలిన్ వాయించే రత్నాకరం.

అందరూ నవ్వారు. ఆ నవ్వుకి ఎస్తేరు మరను ఇంకాస్త గట్టిగా బిగించింది.

క్రిస్మస్ దగ్గరపడింది. పెద్ద పాట సాధన సగానికి వచ్చేసరికి ఎస్తేరు భుజం పట్టేసింది. కమాను జారి కిందపడింది. ఊతంగా మోగే కింది స్వరం ఆగిపోయేసరికి పాడేవాళ్ళు తాళం తప్పారు.

మాస్టారు ఆమెను పక్కకి పిలిచారు. "పండగనాడు ఇలా ఆగితే పాట మొత్తం కూలిపోతుంది ఎస్తేరమ్మా. శనివారం సాధనలో చివరిదాకా వాయించలేకపోతే బాస్ రత్నాకరం తమ్ముడికి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు."

"వాయిస్తాను మాస్టారూ," అంది ఎస్తేరు. ఎలాగో ఆమెకే తెలియదు.

మర్నాడు అదే వీధిలో ఉండే సువార్తమ్మ ఎస్తేరు కుట్టు దుకాణానికి వచ్చింది. పండగ జాకెట్టుకి గుడ్డ తెచ్చి, ఆదికి తన చెల్లెలి జాకెట్టు ఇచ్చింది.

"ఇది మీకు పట్టదు పిన్నీ."

"పట్టకపోతే ఊపిరి బిగబట్టుకుంటాలే. ఇది వేసుకుంటే మా చెల్లెలు ఎంత బాగుంటుందో."

"ఆవిడ ఒంటికి కుట్టాను గనక బాగుంది. మీరు చెయ్యెత్తారంటే చంకలో పిగిలిపోతుంది," అంటూనే ఎస్తేరు ఆగిపోయింది.

"ఏమైందే?"

"ఏం లేదు పిన్నీ, నన్ను నేనే తిట్టుకుంటున్నాను."

సాయంత్రం చర్చికి వెళ్ళి చెప్పులు విడిచింది. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు బిగించకుండా, చేతులు వదిలేసి ఊరికే నిలబడింది. ముందు ఒళ్ళు కుదురుకోవాలి, వాద్యం తన దగ్గరికి రావాలి అనుకుంది. మర వదులు చేసి ఊచ తోసింది. మరీ దిగిపోయి నడుం వంగింది. లేపితే భుజం లేచింది. మళ్ళీ దించింది. విసుగొచ్చినా వదల్లేదు. చివరికి ఎడమ చేతికి తీగల పైకొస కనుబొమ్మల ఎత్తున అందింది. కుడి చెయ్యి హాయిగా వేలాడుతుండగానే కమాను సరైన చోట పడింది. వాద్యం ఆమె పొట్టకీ మోకాలికీ ఆనుకుని, పట్టుకోకపోయినా నిలిచింది.

శనివారం రత్నాకరం చూసి, "ఎస్తేరక్క ఇంకాస్త కుంచించుకుపోయిందే," అన్నాడు.

ఆమె చెయ్యి మర దాకా వెళ్ళింది. ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది.

"నా ఎత్తింతే తమ్ముడూ. నువ్వు శ్రుతి చూసుకో," అని కమాను అందుకుంది. చివరిదాకా ఆగకుండా వాయించింది. బాస్ ఆమె దగ్గరే ఉండిపోయింది.

పండగనాడు చర్చి కిక్కిరిసిపోయింది. పెద్ద పాట మధ్యలో వయొలిన్లు పరుగందుకున్నాయి. ఎస్తేరు తొందరపడలేదు. కింది స్వరం నిబ్బరంగా నడిచింది. రత్నాకరం అది విని అడుగు కలుపుకున్నాడు, వెనకే అందరూ కలిశారు. పాట ఒడ్డున పడింది.

బయటికొస్తూ వెనక వరస ముసలాయన ఒకరు మాస్టారిని అడిగారు. "ఆ పెద్దది వాయించిందెవరండీ? మనిషి కనబడలేదు గానీ, నా కాళ్ళ కింద గచ్చు దాకా వినబడింది."

"నేనేనండి," అంది పక్కనున్న ఎస్తేరు.

ఇక లేవండి, ఇళ్ళల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి. తింటూ ఈ మాట తలుచుకోండి: పక్కవాళ్ళ కొలతకి సాగినవాళ్ళు సగంలోనే పడిపోతారు, ఎవరు నవ్వినా తమ కొలతకి నిలబడినవాళ్ళే పని చివరిదాకా చెయ్యగలుగుతారు.