నక్క మీసాలకి పసుపు

ఎండలు ముదిరేసరికి ఆ అడవిలో నీళ్ళుండే గుంట ఒక్కటే మిగిలింది. ఆఫ్రికా అడవి లెండి, మనూరి పక్క చిట్టడివి కాదు. జింకైనా, పందైనా, చిరుతైనా అక్కడికే రావాలి. వచ్చి ఒక గుక్క తాగి, తలెత్తి పక్కనోణ్ణి చూసేవి. మళ్ళీ ఒక గుక్క, మళ్ళీ ఒక చూపు. నీళ్ళకంటే అనుమానమే ఎక్కువ తాగేవి.

నీకెట్టా తెలుసంటారా? ఆ అడవి అంచున వేటకాంపులో వంటోణ్ణి నేనే. బడిలో రెండో తరగతి దాటలేదు గానీ, ఆరు నెలల్లో అక్కడి జంతువుల మాటలన్నీ పట్టేశాను. మా దొర పదేళ్ళుండి ఒక్క ముక్క పట్టలేదు.

ఆ అడవికి పెద్ద, ఎలాండ్ పోతు, అక్కడి జింకల్లోకెల్లా పెద్ద జాతి. మన మనుబోతు ఉంది చూశారా, అట్టాంటివి నాలుగు కలిపి ఒకే తోలు కప్పితే ఎంతో అంత. నడిస్తే మోకాళ్ళు టిక్కు టిక్కుమంటయ్యి. మామూలోళ్ళకి ఫర్లాంగు దూరం వినపడిద్ది, నాకైతే మూడు మైళ్ళు.

ఆ పెద్దాయనకి చావు దగ్గరికొచ్చింది. మూడు పొద్దులు వరసగా, ఆయన ఎక్కడ పడుకుంటే అక్కడికే వేటగాళ్ళు తిన్నగా వచ్చారు. మొదటి రోజు గాలి తిరిగి బతికాడు. రెండో రోజు ముళ్ళపొదల్లో పడి బతికాడు. మూడో రోజు తూటా మూపురం మీదుగా పోయి, వెనక చెట్టు బెరడు లేపింది. నాలుగోసారి బతకడం ఉండదని ఆయనకి అర్థమైపోయింది. ఎవడో దగ్గిరోడే చెబుతున్నాడు. ఎవడు?

ఆయన వీపు మీద ఒక పిట్ట ఉండేది, తోలు పట్టుకుని రక్తం తాగే పిడుదుల్ని ఏరుకు తినే పిట్ట. ఆ పూట అది ముక్కు పెట్టినప్పుడల్లా ఆయన తోలు ముడుచుకుంటంది. సరిగ్గా అప్పుడే నక్క వచ్చి, ఎదురుగా చతికిలబడి, ఆయన ఆరోగ్యం అడిగి, పిల్లల క్షేమం అడిగి, చివరికి గొంతు తగ్గించింది.

"మావా, చెప్పకూడదు గానీ, నీ వీపు మీద కూర్చునేదే రోజూ కాంపుకి పోయి వస్తంది. నేను కళ్ళారా చూశాను."

పెద్దాయన మెడ వెనక్కి తిప్పాడు. "పోతున్నావా?"

"పోతున్నాను పెదనాయనా," అంది పిట్ట. "కాంపులో రెండు గాడిదలున్నయ్యి. నీ ఒక్కడి పిడుదులతో నా పిల్లల కడుపు నిండదు."

నక్క నిట్టూర్చింది, తనకేదో ప్రాణం మీదకొచ్చినట్టు. పెద్దాయన ఒక్కసారి ఒళ్ళు దులిపితే పిట్ట వెళ్ళి నేలబడేదే. అప్పుడది ఎగిరి నక్క ముక్కు ముందు వాలి, తల పక్కకి వంచి చూసింది.

"నక్క మావా, నన్ను కాంపులో చూశానన్నావు. మరి నువ్వెందుకు పోయావు? నీ మీసాలకి ఆ పసుపేంది?"

"పూల పుప్పొడిలే," అంది నక్క, నాలుక చాపి తుడుచుకుంటా.

చెట్లకి ఆకే లేదు ఆ ఎండలకి, పువ్వెక్కడిది? ఆ పసుపు నా చేతిది. నేను రోజూ మిగిలిన మేకపులుసు బూడిదకుప్ప మీద పారబోసేవాణ్ణి. నా పులుసుకి దొరలే కంచాలు నాకేవారు, నక్కెంత. దానికి మరిగిన నక్క, ఇంకా పెద్ద ఆశ పెట్టుకుంది. ఎలాండ్ పడితే దొర మాంసం తీసుకుని పేగులు వదిలేస్తాడు. ఆ పేగులు బండెడు. అందుకే తెల్లారేసరికి పెద్దాయన పడుకున్న వైపు గుట్టెక్కి ఊళ వేసేది. మా కాంపులో జంతువుల జాడలు చూసే మొలెఫి ఆ ఊళ పట్టుకుని నడిచేవాడు, నక్క గోల చేసే చోట వేట ఉంటదని అతని లెక్క.

పెద్దాయన పసుపు గురించి ఇంకేం అడగలేదు. తోక ఊపుకుంటా, ఊరికే కబుర్లకి దిగినట్టు అడిగాడు.

"అల్లుడూ, నువ్వు లోకం చూసినోడివి. ఈ తుపాకులు ఎన్ని రకాలంటావు?"

నక్క ఛాతీ పొంగింది. "రకాలేంది మావా? పొడుగ్గా ఉంటది, ఢామ్మంటది, ఎదరోడు పడిపోతాడు. తుపాకీ అంటే తుపాకే."

"అంతేలే," అన్నాడు పెద్దాయన. రేపు పొద్దున తూర్పు గుట్ట కింద ఒంటి తుమ్మచెట్టు దగ్గర పడుకుంటానని, ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాడు. నక్క ప్రాణం పోయినా చెప్పనని ఒట్టేసి పోయింది.

నక్క పోయాక పిట్ట అసలు సంగతి చెప్పింది. దొర దగ్గర రెండు తుపాకులు. ఒకటి లావుది, దాని తూటా మనిషి బొటనవేలంత. రెండోది సన్నది, చిరుజింకలకి సరిపోయే తూటా. ఎండలో పది మైళ్ళు నడవాలి కాబట్టి ఒక్కటే తీసుకుపోతారు. ఏది తియ్యాలో దొర చెప్పడు, మొలెఫి చెబుతాడు. తెల్లవారుజామున గుంట దగ్గరికి పోయి, మట్టిలో అడుగులు చూసి వస్తాడు. లోతైన అడుగులుంటే లావుది, చిన్న గిట్టలుంటే సన్నది. నిరుడు దొర అతని మాట వినకుండా సన్నదాంతో పెద్దాయన తమ్ముణ్ణి కొట్టాడు. తమ్ముడు ఆ దెబ్బతో రెండు రోజులు రక్తం కార్చుకుంటా తిరిగి ఎక్కడో పడిపోయాడు. మొలెఫి రెండు రోజులూ వెతికాడు, దొరకలేదు, అన్నం ముట్టలేదు. సరిపోని తుపాకీ పెద్ద జంతువు మీద ఎత్తితే నాకు సెలవియ్యి అని అప్పట్నించీ దొరకి షరతు.

పెద్దాయన చాలాసేపు నెమరేశాడు. తర్వాత చిరుజింకల పెద్దని పిలిపించి, ఈ సాయంత్రం నేను నీళ్ళు తాగి పోయాక మీరంతా వచ్చి నా అడుగుల మీద తొక్కాలి, నా వెనకే రాతినేల దాకా తొక్కుకుంటా రావాలి అన్నాడు.

చిరుజింక దగ్గరికి కూడా రాలేదు. "బాగుందన్నా. మా అడుగులు చూసి సన్న తుపాకీ తెస్తారు. అది మా కొలతది. నీ చావు మా నెత్తిన రాస్తున్నావా?"

"మీరు రాతినేల మీదనించి పడమరకి పోండి, అక్కడ జాడ ఆనదు. వాళ్ళు నక్క ఊళ పట్టుకుని తూరుపుకి వస్తారు."

"వస్తారని ఏంది నమ్మకం? నువ్వు పొదలో దాక్కుంటే వాళ్ళు వెనక్కి తిరిగి మా మీద పడరూ?"

"దాక్కోను. దాక్కుంటే ఆ నక్క నోరు మూతపడదు. ఎదురుగా నిలబడతాను."

"ఆ మొలెఫి మాట తప్పితే?"

పెద్దాయన తూటా దాటిపోయిన మూపురం వైపు మెడ తిప్పి చూసుకున్నాడు. అదే చూసి చిరుజింక ఒప్పుకుంది. తనకంటే ఆయనకే ఎక్కువ భయమని అర్థమైంది మరి.

తెల్లారింది. మొలెఫి గుంట నించి వచ్చి, అన్నీ చిరుజింకల అడుగులే, సన్నది చాలన్నాడు. లావు తుపాకీని నా చేత్తోనే పెట్టెలో పెట్టి తాళం వేశాను. అప్పుడే తూర్పు గుట్ట మీద నక్క ఊళ వేసింది. నేనూ టీ డబ్బా పట్టుకుని వెంటబడ్డాను. నేను లేకుండా వాళ్ళు ఏ వేటకీ పోయేవాళ్ళు కాదు.

ఒంటి తుమ్మ కింద నిలబడున్నాడు పెద్దాయన, వంద అడుగుల దూరంలో, గోడలాగా. కదల్లేదు. దొర తుపాకీ భుజానికెత్తాడు. ఆ నిశ్శబ్దంలో ఒక్క మోకాలు టిక్కుమంది. వీపు మీద పిట్ట గోళ్ళు తోల్లోకి దిగినయ్యి.

మొలెఫి అరిచెయ్యి చాపి తుపాకీ గొట్టం కిందకి వంచాడు.

"ఇది ఆయన కొలతది కాదు దొరా."

దొర మొహం కందగడ్డైంది. ఆరు మైళ్ళ నడక, ఎదురుగా జన్మలో చూడనంత పోతు, చేతిలో పనికిరాని తుపాకీ. అయినా దించాడు.

చెదలపుట్ట వెనక పేగుల కోసం నోరూరి కూర్చున్న నక్కకి ఇది మింగుడు పడలేదు. పుట్ట మీదకెక్కి, ఎదురుగానే ఉన్నాడు కదయ్యా, కాల్చరేంది, మీ కళ్ళు పోయినయ్యా అని వాళ్ళనే తిట్టడం మొదలెట్టింది. నాకొక్కడికే అర్థమైంది. దొరకి మాత్రం, పుట్ట మీద నిలబడి మొరుగుతున్న నక్క కనపడింది.

మొలెఫి దాన్ని కిందనించి పైదాకా ఒకసారి చూశాడు.

"దీనికైతే సరిపోయిద్ది."

తుపాకీ ఢామ్మంది. నక్క గాల్లోకి నా ఎత్తున ఎగిరింది, నేనేం పొట్టోణ్ణి కాదు. కింద పడేసరికి నక్క ఒకవైపు, తోక ఒకవైపు. నక్క ఆగకుండా పరుగెత్తింది. దాని వెనక పెద్దాయన గొంతు మెల్లిగా వినపడింది.

"అల్లుడూ, రకాలున్నయ్యిలే."

మర్నాడు దొర లావు తుపాకీ తీసుకునే బయల్దేరాడు. కానీ అరిచి దారి చూపేవాడు లేడు, రాతినేల మీద జాడ దొరకలేదు. వారానికి వాన పడి అడుగులన్నీ కడుక్కుపోయినయ్యి. ఇప్పుడు ప్రతి వాగులోనూ నీళ్ళే, పెద్దాయన ఎక్కడ తాగేదీ ఎవరికీ తెలవదు. నక్క తోక నాతోనే ఉంది. పసుపు డబ్బా మీద దుమ్ము దులుపుకోడానికి బాగా పనికొస్తంది.

ఒకరి మీదకి తుపాకీ తోలుకొచ్చేవాడు, అది ఎవరి కొలతదో ముందు కనుక్కోవాలి.