సజ్జల గాదె కింద కప్పత్త

అనగనగా ఎడారిలో ఒక ఊరు. మన ఊరిలాంటిది కాదే పిచ్చుకా, ఎటు చూసినా ఇసుకే. అక్కడ నీళ్ళు ఎంత అపురూపమంటే, నీలాగా స్నానం వద్దని పరిగెత్తే పిల్లల్ని మహా బుద్ధిమంతులంటారు.

ఆ ఊళ్ళో ఎవరి ఉపాయం వాళ్ళకుంది. జమ్మిచెట్టు తన వేళ్ళని బావికన్నా లోతుకి దింపి తాగేది. నాగజెముడు ఒళ్ళంతా నీళ్ళు దాచుకుని, ఎవరూ కొరక్కుండా ముళ్ళచొక్కా తొడుక్కునేది. ఇక కప్పత్త ఉంది చూశావూ, దానిది అన్నిటికన్నా హాయైన ఉపాయం. నిద్ర. పొట్టనిండా నీళ్ళు పట్టుకుని, మట్టిలోకి దిగి, ఊడిన తన చర్మాన్నే దుప్పటిలా కప్పుకుని పడుకునేది. ఏడాదికొక్కసారి, ఉరుముకి నేల అదిరితేనే లేచేది. అప్పుడు వానగుంటలో గుడ్లు పెట్టి, మళ్ళీ పడక.

కప్పత్త పడుకున్నది గోమతి అనే ఎనిమిదేళ్ళ పిల్ల వాళ్ళ వాకిట్లో. ఒకరోజు గోమతి చేతికి వాళ్ళ నాయనమ్మ మొదటిసారి రోకలి ఇచ్చింది. ఇంకేం, ఊరంతా తనవైపే చూడాలన్నట్టు ధనాధనా సజ్జలు దంచింది.

అప్పుడు నేల అదిరింది. కప్పత్త దుప్పటి చించుకుని, ఆవులిస్తూ పైకొచ్చింది. చూస్తే నెత్తిన మండే ఎండ, ఎదురుగా రోలు.

“వానేదే పిల్లా?” అంది.

“వాన కాదు కప్పత్తా. నేనే,” అంది గోమతి.

అప్పటికే కప్పత్త వీపు ఎండిపోతోంది. గోమతి తన వంతు మంచినీళ్ళలోంచి దోసెడు తెచ్చి దాని మీద పోసింది. అప్పుడది వెనక కాళ్ళతో తవ్వుకుంటూ, వెనక్కి వెనక్కి నడుస్తూ మట్టిలోకి దిగిపోయింది.

ఆ తర్వాత పక్కింట్లో పెళ్ళొచ్చింది. డోలు మోగింది. మళ్ళీ కప్పత్త పైకొచ్చింది. ఈసారి చిక్కి సగమైంది.

“ఇంకోసారి ఉత్తినే లేపారంటే నేను మిగలను,” అంది నీరసంగా.

గోమతికి ఏడుపొచ్చింది. ఇంకో దోసెడు నీళ్ళు పోసి, కప్పత్తని రెండు చేతుల్లో ఎత్తుకెళ్ళి సజ్జల గాదె కింద దింపింది. అది అక్కడే మట్టిలోకి దిగి పడుకుంది. అక్కడ ఎండ పడదు, చప్పుడు పెద్దగా చేరదు. వాన కూడా పడదని ఆ పిల్లకి తట్టలేదు. నవ్వకే. ప్రేమ ఎక్కువైనప్పుడు బుర్ర కొంచెం తక్కువే పనిచేస్తుంది.

ఆ తర్వాత నిజంగానే మబ్బు పట్టింది. ఉరిమింది. వాన కురిసింది. గుంటలు నిండాయి. మగకప్పలన్నీ లేచి బెకబెకమని పిలుపులు మొదలెట్టాయి. కప్పత్త మాత్రం రాలేదు. ఎడారిలో వానగుంట ఎన్నాళ్ళుంటుంది? పదిహేను రోజులు. ఆలోపే గుడ్లు పెట్టాలి, పిల్లలు బయటికి రావాలి, వాటికి కాళ్ళొచ్చి తోకలు పోవాలి. ఈ పూట దాటితే కప్పత్తకి ఈ ఏడు పిల్లల్లేరు.

గోమతి గాదె కిందకి పాకి, నేలకి నోరు ఆనించి పిలిచింది.

“కప్పత్తా, ఈసారి నిజమే.”

“మొదట రోకలి, తర్వాత డోలు. ఇప్పుడేం దంచుతున్నావే?” అంది కప్పత్త లోపల్నించి.

“ఒట్టు, వానే.”

“నీ ఒట్టు ఉప్పేసుకుని తిను. నన్ను పడుకోనీ.”

ఇక మాటలతో పని కాదని గోమతికి అర్థమైంది. బయటికి పరిగెత్తి, జడ విప్పేసి వానలో నిలబడింది. “జలుబు చేస్తుందే, లోపలికి రా,” అని నాయనమ్మ అరుస్తూనే ఉంది. జుట్టు నిండా తడిశాక మళ్ళీ గాదె కిందకి పాకి, ఆ జుట్టుని ఇసుక మీద మెల్లగా పిండింది. ఒక చుక్క. కప్పత్త కదల్లేదు. రెండో చుక్క. “మళ్ళీ కుండనీళ్ళేనా?” అని గొణిగింది. మూడో చుక్క ఇసుకలోకి ఇంకి దాని ముక్కు మీద పడింది.

కప్పత్త ఆ చుక్కని వాసన చూసింది.

“కుండనీళ్ళకి కుండ వాసనుంటుంది,” అంది కప్పత్త నెమ్మదిగా. “దీనికి మబ్బు వాసనుంది.”

అప్పుడు ఇసుక కదిలింది. దుప్పటి చిరిగింది. కప్పత్త బయటికొచ్చి, వానని ఒళ్ళంతా తాగి, గోమతి పాదం మీదుగా ఒక్క గెంతు గెంతి గుంటలోకి వెళ్ళిపోయింది.

పదిహేనో రోజుకి గుంట ఎండింది. నీ చిటికెన వేలి గోరంత కప్పపిల్లలు, ఒకటా రెండా, వాకిలి నిండా గెంతుకుంటూ వచ్చి వెనక్కి వెనక్కి మట్టిలోకి దిగిపోయాయి. తల్లి వాటి పక్కనే దిగింది.

అప్పట్నించీ ఆ ఊళ్ళో రోకలి పట్టిన వాళ్ళెవరైనా సరే, ముందు వంగి నేలని అరచేత్తో జోకొడతారు. “వాన కాదమ్మా, సజ్జలు. మీరు పడుకోండి,” అని చెప్పి, అప్పుడే దంచుతారు.

కథేమో కంచికి,
కప్పేమో మట్టికి,
కబుర్లింక కట్టిపెట్టి
కళ్ళేమో నిద్రకి.