ఉప్పుమడుల మలుపు

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు వీరరాఘవులు మాస్టారికి లేదు. చేతిలో ఉన్న పని ముగించి, గుడ్డతో వేళ్ళు తుడుచుకుని, అప్పుడు మరెక్కడి నుంచో మొదలుపెట్టేవారు. బాపట్లలో ఆయన దగ్గర సైకిల్ పందేలకు తయారైన మాకందరికీ అది తెలుసు. దమయంతికి మాత్రం ఓపిక తక్కువ.

ఆమె మొదటిసారి పెద్ద పందెంలో దిగబోతున్న రోజులవి. ఐదు రోజుల పందెం, రోజుకొక దారి. మూడో రోజు దారి పటాన్ని ఆమె చేతికిచ్చి, బాగా చదువుకోమన్నారు మాస్టారు. అందులో ఒక్క ఎత్తూ లేదు, ఒక్క పల్లమూ లేదు. "కొండదారి అయితే చదవాలి గాని, చదును దారిలో చదవడానికి ఏముంది మాస్టారూ? కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు గెలుస్తారు" అంది.

మాస్టారు గొలుసుకు నూనె పట్టించడం పూర్తిచేసి, మస్తాన్ వలి గురించి చెప్పారు.

మాస్టారు ఒక జట్టుకు మేనేజరుగా ఉన్నప్పటి మాట. మస్తాన్ ఆ జట్టులో సహాయకుడు. నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కడం, నీళ్ళ సీసాలు అందించడం అతని పని. ముప్ఫై నాలుగేళ్ళు వచ్చాయి, ఒక్క పందెమూ గెలవలేదు. నాయకుడు జయచంద్ర. చివరి పరుగులో అతన్ని మించినవాడు లేడని పేరు. కానీ రెండేళ్ళుగా గెలుపు లేదు. ఈసారీ లేకపోతే జట్టునే ఎత్తేస్తామని యజమానులు చెప్పేశారు.

ఆ ఏడాదికి మిగిలింది ఒక్కటే పందెం, కావలి నుంచి చీరాల దాకా చదును దారి. పందేనికి వారం ముందు మస్తాన్ సెలవు పెట్టి, మామూలు సైకిలు మీద ఒంటరిగా ఆ దారంతా తొక్కాడు. పందెం ఏ ఊరికి ఏ వేళకు చేరుతుందో లెక్కవేసుకుని, సరిగ్గా ఆ వేళకే ఆ ఊళ్ళు దాటాడు. రోడ్డు ఉప్పుమడుల వైపు తిరిగేచోట దిగి, ఉప్పు మోస్తున్న రవణమ్మ అనే ముసలామెను గాలి సంగతి అడిగాడు. "రెండు దాటిందంటే సముద్రపు గాలి పట్టుకుంటది నాయనా. నెత్తిన తట్ట ఉంటే మేమే పక్కకి జరిగిపోతాం" అందామె. అక్కణ్ణించి ఆరు కిలోమీటర్లు చెట్టన్నది లేదు, మధ్యలో ఒకచోట సరుగుడు తోట తప్ప. తోట వెనక గాలి ఎంతసేపు ఆగుతుందో అటూ ఇటూ తొక్కి చూసుకున్నాడు.

పందెం రోజు పొద్దున ఇదంతా జయచంద్రకు చెప్పి, మలుపుకు ముందే తన వెనక చేరమన్నాడు. జయచంద్ర నవ్వి సరేనన్నాడు గాని, ఆ వేళకు గుంపు వెనక ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మలుపు తిరగ్గానే కుడివైపు నుంచి గాలి కొట్టింది. దండలో దారం తెగినట్టు గుంపు తెగిపోయింది. పన్నెండు మంది ముందుకు పోయారు. వాళ్ళలో మస్తాన్ ఉన్నాడు. జయచంద్ర లేడు.

పందేల్లో దిగిన పదకొండేళ్ళలో మస్తాన్‌కు అలాంటి అవకాశం రాలేదు. ఇక జయచంద్ర మీద ఆశ వదులుకున్న మాస్టారు, చెవిలో ఉండే రేడియోలో మస్తాన్‌ను ఆగవద్దని, వెళ్ళిపొమ్మని పదేపదే చెప్పారు. మస్తాన్ అప్పటికే తొక్కడం ఆపి వెనక్కి చూస్తున్నాడు.

"ఆఖరి రెండొందల మీటర్లు నా కాళ్ళలో లేవు సార్. ఆయన కాళ్ళలో ఉన్నాయి" అన్నాడు.

జయచంద్ర చేరుకోగానే మస్తాన్ అతన్ని తన ఎడమపక్కకు, కొంచెం వెనక్కి రమ్మని, గాలినంతా తన కుడిభుజం మీద తీసుకుని తొక్కాడు. ముందున్నవాళ్ళు ఎంతకీ దగ్గరపడలేదు. సరుగుడు తోట వచ్చింది. గాలి ఆగింది. ముందున్న పదకొండు మందీ హమ్మయ్య అనుకుని సీసాలు తీసి నీళ్ళు తాగారు. ఆ తోట ఎక్కడ ముగుస్తుందో వాళ్ళకు తెలియదు. తెలిసిన మస్తాన్ తనలో ఉన్నదంతా అక్కడే ఖర్చుపెట్టాడు. తోట దాటేసరికి జయచంద్ర వాళ్ళలో కలిసిపోయాడు. మస్తాన్ చేతులు పట్టు సడలి, సైకిలు రోడ్డు అంచుకు జారింది. వెనక వస్తున్న గుంపులన్నీ ఒక్కొక్కటే అతన్ని దాటిపోయాయి.

చీరాలలో జయచంద్ర చక్రమంత తేడాతో గెలిచాడు. బహుమతికి పిలిచినా వెళ్ళలేదు. ముగింపు గీత దగ్గరే నిలబడి, పాతిక నిమిషాల తర్వాత మస్తాన్ వచ్చాక అతని సైకిలు తనే పట్టుకున్నాడు. జట్టు మరో నాలుగేళ్ళు నిలిచింది.

మాస్టారు అక్కడితో ఆపి గుడ్డ మడతపెట్టుకున్నారు. దమయంతి కాసేపు పటం వంక చూసి, ఆ రోజు మస్తాన్‌కు ఎన్నో స్థానం వచ్చిందని అడిగింది.

"తొంభై ఒకటోదమ్మా" అన్నారు మాస్టారు. "దారిని చదివినవాళ్ళలో మాత్రం రెండోవాడు లేడు."