చౌడమ్మను పిలిచారా?

చెప్పుకోగా చెప్పుకోగా అంచులు అరిగిపోయిన కాలం అది. రాజెవరో తెలియదు, ఏ సంవత్సరమో తెలియదు. ఏటి ఒడ్డున ఒక వీధి. వీధిలో తొమ్మిది ఇళ్ళు. తొమ్మిది ఇళ్ళలో తొమ్మిది మగ్గాలు. వీధి చివర ఒక గుడిసె. ఆ గుడిసెలో మగ్గం లేదు, చౌడమ్మ ఉంది. ఊ కొట్టండి మరి, నాలో నేనే చెప్పుకుంటే పిచ్చివాడంటారు.

చౌడమ్మ పని అతకడం. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు, వాటిని వరసగా పట్టి ఉంచే అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టాలి. వెయ్యి పోగులైనా అంతే, రెండు వేలైనా అంతే. వేళ్ళకు ఇంత బూడిద రాసుకుని కూర్చుందంటే పొద్దు వాలేదాకా లేచేది కాదు. ఆమె మెలిపెట్టిన పోగు తెగిందని ఎవరూ అనగా వినలేదు. కూలి మూడు సోలల జొన్నలు. తెగిన కొసలు కూడా ఆమెవే, అది అక్కడి ఆచారం. ఆ కొసలను చౌడమ్మ కుండల్లో దాచుకునేది. ఎందుకే అని అడిగితే, "ఏమో, పారేయబుద్ధి కాదు" అనేది.

ఆ వీధికి ఇంకో ఆచారం ఉంది. పగటిపూట మగ్గం ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. చావుకు తప్ప మగ్గం ఆపరు. అతికే రోజు ఆపుతారు గానీ, ఆ రోజు చౌడమ్మ ఆ ఇంట్లోకి వెళ్ళడం అందరూ చూస్తారు కాబట్టి ఎవరికీ కంగారు ఉండదు. మిగతా ఏ రోజు ఆగినా పక్కింటివాళ్ళు ఏడుస్తూ వచ్చేస్తారు. బతికున్న ఇంటి మీద చావు ఏడుపు పడకూడదని, జ్వరమొచ్చినా సరే మగ్గం దిగేవాళ్ళు కాదు.

ఇక అసలు సంగతికి వద్దాం. ప్రతి అమావాస్యకూ ఒక వర్తకుడు మూడు గాడిదల మీద నూలు తెచ్చేవాడు. నేసిన గుడ్డ తీసుకుపోయేవాడు. ఎవరికెంత నూలు ఇచ్చాడో పక్కింటికి తెలియనిచ్చేవాడు కాదు, తలుపు వేయించి మరీ తూచేవాడు. ఒక అమావాస్యకు రెండు గాడిదలతో వచ్చాడు. మరో అమావాస్యకు ఒక్క గాడిదతో వచ్చాడు. ఆ తర్వాతి అమావాస్యకు గాడిదా రాలేదు, మనిషీ రాలేదు.

ఎక్కడో యుద్ధమన్నారు కొందరు. ఎక్కడో కరువన్నారు కొందరు. దూరదేశాల వాళ్ళకు ఈ గుడ్డ మీద మోజు పోయిందన్నారు ఇంకొందరు. ఏది నిజమో వాళ్ళకు తెలియదు, నాకూ తెలియదు. కథ చెప్పేవాడికి అన్నీ తెలుస్తాయనుకుంటే అది మీ పొరపాటు.

వర్తకుడు రాలేదు గానీ మగ్గాలు ఆగలేదు. తొమ్మిది ఇళ్ళలోనూ ఠక్కుఠక్కుమని ఆడుతూనే ఉన్నాయి. చౌడమ్మ గుడిసె ముందు కూర్చుని లెక్క వేసుకుంది. పడుగు మహా అయితే నెల రోజులు వస్తుంది. నెల దాటింది. మగ్గం ఆడుతోంది, చౌడమ్మను పిలవలేదు. రెండో నెల దాటింది. మగ్గం ఆడుతోంది, చౌడమ్మను పిలవలేదు. మూడో నెలా అంతే.

ఆమెకు తల తిరిగిపోయింది. అతక్కుండా మగ్గం ఎట్లా ఆడుతుంది? నూలు ఉన్నట్టే గదా, ఆడుతున్నాయంటే. మరి నన్ను ఎందుకు పిలవరు? కళ్ళు మందగించాయేమోనని సూదిలో దారం ఎక్కించి చూసుకుంది. ఎక్కింది. వేళ్ళు వణుకుతున్నాయేమోనని ఆవగింజలు ఒక్కొక్కటే ఏరి చూసుకుంది. ఏరగలిగింది. చెవులొక్కటే అనుమానంగా ఉన్నాయి. మగ్గాల చప్పుడు ఈమధ్య ఎండిన గుమ్మడికాయ మీద కొట్టినట్టు వినిపిస్తోంది. ముసలి చెవులు గదా, సరిగ్గా పట్టుకోవడం లేదేమో అనుకుంది.

చౌడమ్మ గుడిసెలో జొన్నలు అయిపోయాయి. ఉన్నది ఒక్క మూట బియ్యం. అది తినే బియ్యం కాదు. తను పోయిన రోజున నోట్లో వేయడానికీ, మోసేవాళ్ళకు ఇంత వండిపెట్టడానికీ ఏళ్ళ తరబడి గుప్పెడు గుప్పెడు దాచుకున్నది. వెనకా ముందూ ఎవరూ లేని మనిషి, చావుకైనా ఒకరి చేతికింద ఉండకూడదని ఆమె పట్టుదల.

'ఏం తప్పు చేశానో అడుగుతా. చెప్తే దిద్దుకుంటా. చెప్పకపోతే ఊరొదిలి పోతా' అనుకుని బయలుదేరింది.

మొదట ఓబులేసు ఇంటికి వెళ్ళింది. పగలే తలుపు వేసి ఉంది. లోపల ఠక్కుఠక్కు.

"ఓబులేసూ, పడుగు యాడికొచ్చింది నాయనా?"

మగ్గం ఆగలేదు. తలుపు తెరుచుకోలేదు. మాట మాత్రం వచ్చింది. "ఇంకా సగం ఉండాదిలే అవ్వా. పక్కింట్లో అడుగు, వాళ్ళది తెల్లారకముందే మొదలైతాది."

మూడు నెలల పడుగు ఇంకా సగం ఉంటుందా? చౌడమ్మ ముందుకు నడిచింది.

రెండోది కదిరప్ప ఇల్లు. అక్కడా తలుపు వేసి ఉంది. లోపల ఠక్కుఠక్కు.

"మా కోడలు సుంకులమ్మ అతకడం నేర్చుకునింది అవ్వా. నీకెందుకు శ్రమ" అన్నాడు కదిరప్ప తలుపు వెనకనుంచి. "ఓబులేసుకు పని ఎక్కువగా ఉన్నట్టుండాది. ఆ పక్క పోలేదా?"

ఆ మాటకు చౌడమ్మ వెనక్కి తిరిగింది. సుంకులమ్మ తనకు ఇష్టమైన పిల్ల. నేర్పించమని తనను ఒక్కసారీ అడగలేదే.

మూడోది తిప్పక్క ఇల్లు. తిప్పక్క వేలెడు సందు తెరిచి, "రేపు రా అవ్వా" అంది. రేపు వెళ్తే "రేపు రా" అంది. మూడోరోజూ అదే మాట. ఆ సందులోంచి ఆమె కన్ను ఒక్కటే కనిపించేది, అది ఎర్రగా ఉండేది. పొగకేమో అనుకుంది చౌడమ్మ. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, ఆ ఇంటి కప్పు మీద పొగ చూసి ఎన్నాళ్ళయిందో.

పొగ లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మగ్గం ఆడుతోంది. చౌడమ్మను పిలవలేదు. ఎటు తిప్పి కలిపినా ఈ నాలుగూ అతకలేదు. రెండు వేల పోగులు అతికిన మనిషికి నాలుగు ముక్కలు అతకలేదు పాపం. చివరికి ఆమెకు తోచింది ఒక్కటే: నా చేతి మీద వీళ్ళకు నమ్మకం పోయింది.

ఊరు వదలడానికి మూట కట్టబోతే కొసల కుండలు కనిపించాయి. మూడు కుండల నిండా జీవితకాలపు కొసలు. ఎరుపు, నలుపు, పసుపు, జేనెడువి కొన్ని, మూరెడువి కొన్ని. వాటిని చూసి చౌడమ్మకు మొండితనం వచ్చింది. వేళ్ళకు బూడిద రాసుకుని కూర్చుంది. కొసకు కొస మెలిపెట్టింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడు వారాలు. ఏటి గట్టు మీది ఆకుకూర ఉడకేసుకు తింటూ, మూడు కుండల కొసల్లో అడ్డంగా నేసే పేకకు కొన్ని ఉంచి, మిగతావన్నీ ఒక పడుగు చేసింది. పొట్టి పడుగే. అయినా పడుగే.

"నా చెయ్యి ఎట్లుందో వీధిలోనే చూపిస్తా" అంది గుడిసెతో.

పడుగును వీధిలో బారుగా చాచి, గంజి పట్టించి, ఎండబెట్టాలి. గంజి లేకుంటే మగ్గం మీద పోగు నిలవదు. ఆ పని ఒక్కరి వల్ల కాదు. వీధిలో పడుగు చాచారంటే ఇంటికొక మనిషి వచ్చి పట్టాలి, పగవాడి పడుగైనా సరే. ఆ ఆచారం ఉందన్న ధైర్యంతోనే చౌడమ్మ పొయ్యి పెట్టింది. గంజికి బియ్యం కావాలి. మూట వైపు చూసింది. చావు బియ్యం. కాసేపు చేత్తో తడిమింది. తర్వాత ముడి విప్పి మొత్తం కుండలో పోసింది.

తెల్లగా గంజి కాగుతుండగా వీధి మధ్యన నిలబడి మూడుసార్లు పిలిచింది.

"పడుగు చాస్తాండా, రండి. పడుగు చాస్తాండా, రండి. పడుగు చాస్తాండా, రండి."

ఇంటికొకరు రావాలి. ఒకరు కాదు, అందరూ వచ్చారు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు, గోడ పట్టుకుని నడిచే ముసలివాళ్ళు. పడుగు కోసం వచ్చారో, ఆ బియ్యం వాసన వాళ్ళను లాక్కొచ్చిందో, వాళ్ళకే తెలియదు. తొమ్మిది మగ్గాల మీదినుంచి తొమ్మిది మందీ దిగారు. వీధి మూగబోయింది.

చౌడమ్మ వీధి ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. ఆమె ఎన్నడూ వినని నిశ్శబ్దం అది. తొమ్మిది ఇళ్ళలో ఒకేసారి చావు ఎట్లా?

"ఎవరు పోయినారు? చెప్పండి నాయనా, ఎవరు పోయినారు?"

ఎవరూ పోలేదు. అందరూ అక్కడే ఉన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందరి బుగ్గలూ లోపలికి పోయి ఉన్నాయి.

"ఏం కదిరప్పా, మగ్గం దిగొచ్చినావే" అన్నాడు ఓబులేసు.

"నువ్వూ దిగినావు గదా" అన్నాడు కదిరప్ప.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పుడు సుంకులమ్మ చౌడమ్మ చెయ్యి పట్టుకుంది. "నాకు అతకడం రాదవ్వా. మా మామ అబద్ధం చెప్పినాడు. మా మగ్గం మీద పడుగే లేదు. మూడు నెలలాయ. ఉత్త చెక్కలు తొక్కుతాండాం."

"మాదీ ఉత్తదే" అంది తిప్పక్క.

"మాదీ అంతే" అన్నాడు ఓబులేసు. "మీ మగ్గాల చప్పుడు వింటాంటే, వర్తకుడు మీ అందరికీ అటకల నిండా నూలు ఇచ్చినాడనుకున్నా. మాకొక్కరికే పని పోయిందనుకున్నా."

ప్రతివాడూ అదే అనుకున్నాడు. పక్కింటి చప్పుడు విని సిగ్గుపడి, తనూ చప్పుడు చేశాడు. తన చప్పుడు విని పక్కింటివాడు సిగ్గుపడ్డాడు. కడుపులో మెతుకు లేకుండా మూడు నెలలు కాళ్ళు ఆడించారు. నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. కొందరు రెండూ చేశారు.

చౌడమ్మకు మాత్రం కోపం వచ్చింది. "మూడు నెలలు నా చేతిని నేను తిట్టుకున్నా. ఊరొదిలి పోదామనుకున్నా. బువ్వ లేదని చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

పిల్లలు కుండ వైపే చూస్తున్నారు. చౌడమ్మ పడుగు వైపు చూసింది, పిల్లల వైపు చూసింది, మళ్ళీ పడుగు వైపు చూసింది. ఉన్నది ఒక్క కుండ. పడుగుకు పోస్తే తాగడానికి లేదు. తాగేస్తే పడుగు నిలవదు, దాంతో మూడు వారాల కష్టం పోతుంది. అంత తికమక ఆమె బతుకులో ఎన్నడూ పడలేదు.

"పోగుకు ఆకలుండదు" అంది చివరికి. "ముందు మనుషులకు. మిగిలింది పడుగుకు."

అందరూ తాగారు. అడుగున మిగిలినదాంట్లో నీళ్ళు పోసి పడుగుకు రాశారు. గంజి పలచన. పడుగు గరుకు. ఓబులేసు మగ్గం మీద తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వంతులేసుకుని నేశారు. పోగు తెగితే చౌడమ్మ పక్కనే కూర్చుని అతికింది, ఇది నా మెలి కాదు, గంజి తక్కువై తెగిందని ప్రతిసారీ చెప్పింది. గుడ్డ రంగురంగులుగా, ముళ్ళుముళ్ళుగా వచ్చింది. వర్తకుడైతే ముట్టుకునేవాడు కాదు. కానీ గొర్రెలు తోలుకుపోయేవాళ్ళు చూసి, గొర్రెపిల్లలను చుట్టి మోయడానికి బాగుందని జొన్నలు ఇచ్చి తీసుకున్నారు.

దాంతో కష్టాలు తీరాయని చెప్పను. తీరలేదు. కొందరు కట్టెలు కొట్టారు, కొందరు ఊరూరా తిరిగి మట్టి మోశారు, గొర్రెలవాళ్ళు ఉన్ని తెచ్చి ఇస్తే మగ్గాలు కాస్త కాస్త ఆడాయి. అయితే ఎవరికేది దొరికినా చౌడమ్మ గుడిసె ముందున్న ఒక్క పొయ్యి మీదే వండారు. ఎవరి ఇంట్లో ఏముందో అందరికీ తెలిసింది. అందువల్లే ఆ వీధిలో ఒక్క ఇల్లూ ఖాళీ కాలేదు.

మళ్ళీ వర్తకుడు వచ్చాడు, ఒక్క గాడిదతో, రెండేళ్ళ తర్వాత. ఎందుకు ఆగాడో అడిగితే, తనకూ సరిగ్గా తెలియదన్నాడు. ఆ గాడిదను చౌడమ్మ చూడలేదు. అంతకుముందు నెలలోనే ఆమె పోయింది.

పోయిన రోజున మళ్ళీ చిక్కొచ్చింది. నోట్లో వేయడానికి ఆమె దాచుకున్న బియ్యం లేదు, వీధంతా తాగేసింది. సుంకులమ్మ తన ఇంటినుంచి చిటికెడు తెచ్చింది. అది చూసి తొమ్మిది ఇళ్ళవాళ్ళూ తెచ్చారు. ఇంకో చిక్కు, చనిపోయినవాళ్ళ ఇంటి మగ్గం ఆపాలి. చౌడమ్మకు మగ్గం లేదు. ఏ మగ్గం ఆపాలి? నాదంటే నాదని కాసేపు పోట్లాడుకున్నారు. ఆ తర్వాత తొమ్మిదీ ఆపారు.

ఇప్పటికీ ఆ వీధిలో పడుగుకు గంజి కాస్తే, మొదటి గరిటె అక్కడున్న మనిషి తాగాలి. పని లేని ఇంటివాళ్ళు గుమ్మానికి నూలు చుట్టే కండె ఒకటి ఖాళీది వేలాడదీస్తారు. దాన్ని చూసినవాళ్ళు ఏమీ అడగరు, తమ పొయ్యి మీద కుండ కాస్త పెద్దది పెడతారు. పగలు మగ్గం ఆగితే ఏడుస్తూ పరిగెత్తరు, గిన్నె పట్టుకుని వస్తారు.

ఎవరైనా వచ్చి, ముఖం నిండా నవ్వు పులుముకుని, "మాకేం, బ్రహ్మాండంగా ఉన్నాం" అన్నారనుకోండి. అక్కడి ముసలమ్మలు ఆ బుగ్గల వైపు ఒకసారి చూస్తారు. పక్కన చాప పరుస్తారు. నెమ్మదిగా అడుగుతారు:

"మగ్గం ఆడుతోందిలే నాయనా. చౌడమ్మను పిలిచారా?"